సహస్రాక్షకు చెవులున్నాయి

కరణ్‌కోట క్వారీల దగ్గర, లారీలు తూచే వేబ్రిడ్జిలో గుమాస్తాగా పనిచేస్తున్న నర్సింహులు టీ తాగి రోడ్డు దాటుతుంటే నంబర్ ప్లేటు లేని లారీ ఒకటి గుద్దేసి వెళ్ళిపోయింది. పట్టపగలు. రోడ్డు ఖాళీ. లారీ డ్రైవర్ బ్రేకు మీద కాలు కూడా పెట్టలేదు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. వికారాబాద్‌లో ఒక పప్పుల దుకాణం వెనక గదిలో మాత్రం దాన్ని హత్య అన్నారు.

నర్సింహులు గుమాస్తా కాదు. నిఘా డిపార్ట్‌మెంట్ మనిషి.

అతని దినకర్మ అయిపోయిన మర్నాడు ఆ దుకాణానికి ఒక ఆడమనిషి వచ్చింది. నలభైకి దగ్గరగా ఉంటుంది. చేతిలో గుడ్డ సంచి, కాళ్ళకు రబ్బరు చెప్పులు.

"పాలిష్ పట్టని కందిపప్పు ఉన్నదా?"

"తాండూరుది ఉన్నది. పురుగు పట్టింది."

"పురుగు నేనే ఏరుకుంటా."

కోడ్ సరిపోయింది. దుకాణదారు బస్తాల వెనక ఉన్న తలుపు చూపించాడు.

ఆమె పేరు నిరోషా. ఊరు మర్పల్లి. డిపార్ట్‌మెంట్ పని మీద నేపాల్ సరిహద్దులో గాజులమ్మింది. ఒక ఓడరేవులో ఏడాదిపాటు మూగదానిలా బతికింది. వెనక ఎవరొస్తున్నారో తల తిప్పకుండా చూడడం ఆమెకు నేర్పింది నర్సింహులే. అతని మరణం తర్వాత తనకు ఎలాంటి పని అప్పజెప్పినా సిద్ధమే అనుకుని వచ్చింది. తుపాకీ ఇస్తారనుకుంది. చీఫ్ సుధాకర్ ఒక స్క్రూడ్రైవర్ సెట్టు ఇచ్చాడు.

"తాండూరుల ఒక ఇల్లు. ఇంట్ల ఒక కంప్యూటర్. అదే నీ మిషన్."

"కంప్యూటరా సార్?"

"యాదగిరి అని, క్వారీలకు పేలుడు సామాను సప్లై చేసే లైసెన్సుదారు. డిటొనేటర్లతో సహా అంతా ఆయన వ్యాన్లనే పోతది. ఏ దారిల పోవాలెనో బయల్దేరే పొద్దున ఆయనే ఫోన్ల డ్రైవర్‌కు చెప్తడు. ఇంకెవ్వరికీ తెల్వది."

విదేశం నుంచి నడిచే ఒక ముఠాకు ఆ వ్యాన్ కావాలి. దారిలో ఎత్తుకుపోయి హైదరాబాద్‌లో రద్దీగా ఉండే చోట్ల పేల్చాలన్నది పథకం. ముఠా నాయకుడి కోడ్ పేరు మాలి. అతని మొహం చూసిన అధికారి ఎవరూ లేరు. చూసిన మనిషి మాత్రం ఒకడున్నాడని సుధాకర్ చెప్పి, పక్కకు సైగ చేశాడు.

గది మూల నుంచి ఒకడు లేచి వచ్చాడు. నార చొక్కా, చేతిలో నల్లద్దాలు, కొత్త బూట్లు. అతని సెంటు ముందు పప్పుల వాసన కూడా నిలవలేదు. పేరు నవీన్. రెండేళ్ళుగా ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. బయటి ప్రపంచానికి అతను కంప్యూటర్ సెక్యూరిటీ కన్సల్టెంట్. అతను నవ్వితే ఎదుటివాళ్ళూ నవ్వాల్సి వచ్చేది. నిరోషాకు ఆ రోజు నవ్వాలనిపించలేదు.

"యాదగిరి కంప్యూటర్లో నీలిడాలు అని ఒక ఫ్రీ సెక్యూరిటీ యాప్ ఉంది మేడమ్. అదే ముఠా చెవి. నర్సింహులు గారు కనిపెట్టింది అదే. పాపం, అందుకే ప్రాణం పోయింది" అన్నాడు నవీన్.

"అయితే తీసేస్తే సరిపోదా?"

"తీసేస్తే మాలి మాయమైపోతాడు. యాప్ ఉండాలి, కానీ దానికి చెవుడు రావాలి. ప్రైవసీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మైక్, లొకేషన్, బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ ఒక్కొక్కటీ ఆపేయండి. పైన మన యాప్ ఒకటి వేయండి. సహస్రాక్ష. నీలిడాలు మీద అది కన్నేసి ఉంచుతుంది."

మిగతా ప్లాన్ సుధాకర్ చెప్పాడు. వచ్చే గురువారం క్వారీకి వ్యాన్ పోతుంది. అది బంట్వారం రోడ్డు మీదుగా పోతుందని కంప్యూటర్లో ఒక ఈమెయిల్ పెట్టాలి. యాదగిరి ఈమెయిళ్ళు తెరిచే మనిషి కాడు. నీలిడాలు తెరుస్తుంది. ముఠా బంట్వారం పోతుంది. అక్కడ కందిచేలలో డిపార్ట్‌మెంట్ మనుషులు కూలివాళ్ళ వేషంలో కాచుకుని ఉంటారు. అసలు దారి యాదగిరి ఫోన్లో చెప్పేటప్పుడు మాత్రం ముఠా చెవిన పడకూడదు.

"యాదగిరికి సంగతి చెప్దామా సార్?"

"ఆయనకు చెప్తె తాండూరు బస్టాండుకు చెప్పినట్టే."

ఆ సాయంత్రమే నిరోషా, కంప్యూటర్ రిపేర్ షాపు పంపిన టెక్నీషియన్ అవతారంలో, తాండూరు బస్సెక్కింది.

యాదగిరి ఇల్లు నాపరాళ్ళు కోసే మిషన్లున్న వీధికి వెనకుంది. కోత చప్పుడుకు మాటలు వినబడవు గనక ఆ ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడేవారు. యాదగిరి మరీ గట్టిగా. అరవై దాటిన మనిషి, తెల్లటి మీసం, ఎవరినీ నమ్మని చూపు. తన జాగ్రత్త గురించి నిరోషాకు మొదటి రోజే చెప్పాడు. కంప్యూటర్ పైనున్న కెమెరాకు నల్ల టేపు అంటించాడు. ఒక వరస కాదు, నాలుగు వరసలు.

"ఎవడన్న సూస్తే ఏం గనపడాలె? చీకటే" అన్నాడు గర్వంగా. అని, ఆ కంప్యూటర్ పక్కనే కూర్చుని, ఫోన్లో ఎవరితోనో మందుగుండు లెక్కలన్నీ వీధి చివరికి వినబడేలా మాట్లాడాడు.

నిరోషా మౌస్ పట్టుకుని పళ్ళు బిగబట్టింది. కెమెరాకు గంతలు కట్టినవాడు మైకును మర్చిపోయాడు. అది చెప్పడానికి వీల్లేదు.

కంప్యూటర్ తెరుచుకోవడానికి చాయ్ కాచి తాగేంత సేపు పట్టింది. లోపల చూస్తే సెక్యూరిటీ యాప్ ఒకటి కాదు, రెండున్నాయి. నీలిడాలుతో పాటు కోటగోడ ప్రో అని ఇంకోటి. కంప్యూటర్ నెమ్మదించిందని దాన్ని యాదగిరి డబ్బుపెట్టి కొన్నాడట. అది వచ్చాక ఇంకా నెమ్మదించింది. ఒకటి ఇంకోదాన్ని దొంగ అంటుంది, రెండోది మొదటిదాన్ని బంధిస్తుంది. ఇద్దరు కాపలాదార్లు ఒకళ్ళ కాలరు ఒకళ్ళు పట్టుకుని గేటు దగ్గర కొట్టుకుంటున్నారు.

డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గాడ్జెట్లు ఒక్కటీ పనికి రాలేదు. లిప్‌స్టిక్ ఆకారంలో ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టగానే కోటగోడ కూతపెట్టి దాన్ని మూసేసింది. కళ్ళజోడులో దాచిన కెమెరా మీద నాపరాయి దుమ్ము పేరుకుంది. చివరికి మామూలు మనిషిలా సెట్టింగ్స్ తెరిచి, ఒక్కో పేజీ చదివి, ఒక్కో మీట నొక్కాల్సి వచ్చింది. నీలిడాలుకు మైక్ ఆఫ్. లొకేషన్ ఆఫ్. వెనక నడవడం ఆఫ్. తర్వాత నవీన్ ఇచ్చిన సహస్రాక్షను ఎక్కించింది. తెర మూల తెరుచుకున్న కన్ను బొమ్మ ఒకటి వచ్చి కూర్చుంది.

ఆ పేరు చూసి యాదగిరి భార్య అరుణాదేవి సంతోషించింది. "దేవుని పేరున్నది. మంచిదే వేసినవ్ బిడ్డా."

మర్నాడు వచ్చి చూస్తే నీలిడాలు మైక్ ఆన్‌లో ఉంది.

మళ్ళీ ఆపింది. ఆ తర్వాతి రోజు మళ్ళీ ఆన్. లొకేషన్ కూడా ఆన్. శత్రువు ఇంత పకడ్బందీగా ఉన్నాడా అనుకుంది నిరోషా. శత్రువు ఎవరో ఆ పొద్దున కళ్ళారా చూసింది. అరుణాదేవి రోజూ పొద్దున్నే కంప్యూటర్లో లలితా పారాయణం గుంపుతో కలిసి చదువుతుంది. తెరవగానే నీలిడాలు ఒక పెట్టె చూపించి, మీ రక్షణ అసంపూర్ణం, అన్నీ అనుమతించండి అంటుంది. ఆమె అద్దాలు కూడా పెట్టుకోకుండా కిందున్న నీలం బటన్ నొక్కుతుంది. ఆ వెంటనే వచ్చేదాన్నీ నొక్కుతుంది. ఏది వచ్చినా నొక్కుతుంది.

"అమ్మా, అన్నిటికీ ఒప్పుకోవద్దు. జర చదివి నొక్కుండ్రి" అంది నిరోషా, గొంతు అదుపులో పెట్టుకుని.

"చదివితేనే పరేషాన్ బిడ్డా. నీలం రంగుది నొక్కితే ఊకుంటది."

నేపాల్ సరిహద్దులో నిరోషాను రెండు రాత్రులు ప్రశ్నించారు. అప్పుడు కూడా ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించలేదు. ఇప్పుడనిపించింది. రోజూ ఏదో వంక పెట్టుకుని రావడం, ఆపడం, వెళ్ళడం. నర్సింహులును చంపినవాళ్ళు బయట తిరుగుతుంటే తను ఇక్కడ మీటలు లెక్కబెడుతోంది.

యాప్ స్టోర్ నుంచి వచ్చిన నీలిడాలు లాంటి యాప్‌లకైతే ఒక్కోదానికి ఒక్కో మీట ఉంది. కానీ ఆ పేజీలో ఇంకా కిందికి పోతే ఇంకో మీట కనిపించింది. బయటి నుంచి ఎక్కించిన డెస్క్‌టాప్ యాప్‌లన్నిటికీ కలిపి మైకు మీద ఒకటే పెద్ద మీట. దాన్ని కూడా ఆపేస్తే ఇంకే యాప్ వినే వీలుండదేమోనని నవీన్‌కు ఫోన్ చేసింది. అతను చప్పున వద్దన్నాడు. "అది ముట్టుకోకండి మేడమ్. ఆమె పారాయణం ఆగిపోతుంది. ఇంట్లో గొడవవుతుంది, మీ మీద అనుమానం వస్తుంది. మీ పని నీలిడాలు వరకే."

సబబుగానే అనిపించింది. వదిలేసింది.

గురువారం పొద్దున పారాయణం ముగిసేదాకా గుమ్మంలో కాచుకుని, ముగియగానే కుర్చీలో కూర్చుంది. నీలిడాలు నోరు, చెవి అన్నీ మూసింది. రెండుసార్లు సరిచూసుకుంది. బంట్వారం ఈమెయిల్ పెట్టి అప్పటికి రెండు రోజులయింది. నవీన్ పొద్దున్నే ఫోన్ చేసి, ముఠా ఎర మింగిందని, తను వాళ్ళతోనే బంట్వారం పోతున్నానని చెప్పాడు. అంతా సవ్యంగా ఉంది.

యాదగిరి వచ్చి ఆమె పక్కనే నిలబడి డ్రైవర్ జంగప్పకు ఫోన్ చేశాడు. వికారాబాద్ అవతలున్న మందుగుండు గోదాము దగ్గర వ్యాన్ సిద్ధంగా ఉంది.

"జంగప్పా, ఇయ్యాల ధారూర్ రోడ్డు పట్టు. అడవిల ఎక్కడ ఆగకు. సీదా కరణ్‌కోటకు పో."

అతను మాట్లాడుతున్నంత సేపూ నిరోషా చూపు తెర కింద, మూలనున్న చిన్న గుర్తు మీదే ఉంది. మైకు బొమ్మ. ఎవరో వింటున్నప్పుడే కనబడే బొమ్మ.

నీలిడాలు ఆఫ్‌లో ఉంది. పారాయణం మూసేసి ఉంది. బొమ్మ మాత్రం ఉంది.

ఆమె చేయి, నవీన్ ముట్టుకోవద్దన్న పెద్ద మీట మీదికి పోయింది. ఆపేసింది. బొమ్మ మాయమైంది. మరుక్షణం తెర మధ్యలో ఎర్రపెట్టె ఒకటి లేచింది. మైకు లేనిదే మీ రక్షణ సాధ్యం కాదు, వెంటనే అనుమతించండి. పెట్టె పైన తెరుచుకున్న కన్ను.

సహస్రాక్ష.

ఇంకో యాప్ మీద నిఘా పెట్టేదానికి మైకుతో ఏం పని? ఆ ప్రశ్న వెనకే ఇంకోటి గుర్తొచ్చింది. నర్సింహులు చనిపోయాక అతని గది సర్దింది ఆమే. అతని లాప్‌టాప్ తెర మూల కూడా ఇదే కన్ను ఉంది. అప్పుడు అదేమిటో ఆమెకు తెలియదు. అతను ఏం కనిపెట్టాడో ముఠా విన్నది దాని చెవితోనే. నర్సింహులు నీలిడాలును పట్టుకున్నాక అది ముఠాకు పనికిరాకుండా పోయింది. అందుకే దాన్ని నవీన్ తనే డిపార్ట్‌మెంట్‌కు అప్పగించి, దాని చోట ఇంకో చెవిని డిపార్ట్‌మెంట్ చేతులతోనే పెట్టించాడు. ఆ చేతులు తనవే.

నిరోషా కుర్చీలోంచి లేచింది. మెల్లగా, ఏమీ జరగనట్టు. పెరట్లోకి పోయి, నాపరాళ్ళ దొంతి చాటున నిలబడి, ఫీల్డ్‌లో వాడే బటన్ ఫోన్ తీసి సుధాకర్‌కు చెప్పింది.

"వాళ్ళు ధారూర్ అడవి మూలమలుపు కాడ ఉంటరు" అన్నాడు సుధాకర్. "మేం బంట్వారంల ఉన్నం. మేం అందుకునేలోపు వ్యాన్ ఆడికి చేరుతది. జంగప్పకు చెప్పి ఆపించు."

"మందుగుండు వ్యాన్ల ఫోన్ ఆన్ చేయొద్దని రూల్ సార్. బయల్దేరంగనే బంద్ చేసిండు."

"లోకల్ స్టేషన్‌కు చెప్పాలన్నా వైర్‌లెస్‌ల మోగుతది. మనమిచ్చిన సెట్టు నవీన్ చేతిలనే ఉన్నది."

"నేనే నవీన్‌కు ఏదన్న అబద్ధం చెప్తె?"

"నువ్వు చెప్తె నమ్మడు. మనమంతా చెప్పేది అబద్ధమని వానికి తెలుసు. వాడు నమ్మేది, ఆ ఇంట్లవాళ్ళు వాళ్ళల్ల వాళ్ళు మాట్లాడుకునే మాటలే."

ఆ మాటతో ఆమెకు దారి దొరికింది. ముఠాతో మాట్లాడడానికి ఈ భూమ్మీద ఒక్కటే లైను ఉంది. ఆ లైనును ఇప్పుడే తన చేత్తో తెంపేసి వచ్చింది.

"సార్, మీ మనుషులను దగ్గర్లనే ఉన్న కోటపల్లి మలుపు కాడికి తీస్కపోండ్రి. వాళ్ళను నేనక్కడికి పంపిస్త."

లోపలికి పరిగెత్తింది. భార్యాభర్తలిద్దరినీ పెరట్లోకి పిలిచి, గుర్తింపు కార్డు చూపించి, నాలుగు ముక్కల్లో చెప్పింది. యాదగిరి మొహం ఎర్రబడింది.

"ఇన్ని దినాలు నా ఇంట్ల కూసొని నా చాయ్ తాగుకుంట..."

"తిట్టేది తర్వాత తిట్టుండ్రి సార్. జంగప్ప ప్రాణం పోతది. ఆ తర్వాత హైదరాబాద్‌ల ఎందరిదో."

"ఏం చెయ్యాలె?" అన్నాడు యాదగిరి. జంగప్ప ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఉన్న మనిషి.

చెప్పాల్సిందల్లా ఒకటే. జంగప్ప బండి కోటపల్లి మలుపు దగ్గర చెడిపోయి, కాపలా లేకుండా నిలబడి ఉంది. అది వింటే ముఠా అడవి వదిలి అటు పరిగెడుతుంది. ధారూర్ రోడ్డు ఖాళీ అవుతుంది. యాదగిరి ఒకసారి పెరట్లోనే అని చూపించాడు. బడిలో ప్రతిజ్ఞ చదివినట్టుంది. ఇంకోసారి అన్నాడు. మరీ ఘోరంగా వచ్చింది.

"నాకు అబద్ధాలు చేతగావు" అన్నాడు చివరికి, అదో గౌరవమైనట్టు.

"లోపలికి నడువుండ్రి. నేను మాట్లాడుత" అంది అరుణాదేవి.

ముందు మైకు తెరవాలి. నిరోషా పెద్ద మీట మళ్ళీ నొక్కింది. కోటగోడ అడ్డొచ్చింది. ఇది అనుమానాస్పదమైన మార్పు, పాస్‌వర్డ్ ఇవ్వండి అంది. యాదగిరి తనకు గుర్తులేదని చేతులు తిప్పాడు. నిరోషా పెట్టెలోని ప్రతి వాక్యం చదివి, సరైనదనిపించింది నొక్కింది. రక్షణ పెరిగింది, సెట్టింగ్స్‌కు తాళం పడింది అని వచ్చింది. వెనక్కి పోదామంటే కంప్యూటర్ మళ్ళీ మొదలవ్వాలంది. నల్లతెర మీద చుక్కలు గిరగిరా తిరగసాగాయి. అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి ఆపకండి.

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. వ్యాన్ ఈపాటికి ధారూర్ చేరి ఉంటుంది. ఇన్నాళ్ళూ ఏ మైకును మూయాలని ప్రాణం పెట్టిందో ఆ మైకు తెరుచుకోమని ఇప్పుడు బతిమాలుకోవాల్సి వచ్చింది. శిక్షణలో తాళాలు తీయడం నేర్పారు, గోడలు దూకడం నేర్పారు. తిరిగే చుక్కలను ఎలా తొందరపెట్టాలో ఎవరూ నేర్పలేదు. నర్సింహులుకు కూడా తెలిసి ఉండదు.

తెర వెలిగింది. వెలగగానే మూడు యాప్‌లూ మూడు పెట్టెలు తెరిచి మీదపడ్డాయి. నిరోషా మొదటిది చదవబోయింది. అరుణాదేవి ఆమె భుజం మీద చేయివేసి పక్కకు జరిపి, తను కూర్చుంది. పారాయణం తెరిచింది. నీలం బటన్ నొక్కింది. ఇంకోటి. ఇంకోటి. కోటగోడ పాస్‌వర్డ్ అడిగితే, మూల ఎక్కడో ఉన్న 'తర్వాత' మీద నొక్కి దాని నోరు మూసింది. అన్నీ అనుమతించండి అన్నదానికి అనుమతించింది. ఆ పని ఆమె రోజూ పొద్దున చేసేదే, కాఫీ గిన్నె దించినంత సులువుగా.

మైకు బొమ్మ వెలిగింది. పక్కన కన్ను తెరుచుకుంది.

అరుణాదేవి మోగని ఫోన్ చెవికి పెట్టుకుంది.

"ఎవలు? జంగప్పనా? ఇది ఎవలి నంబర్? సార్ తానం చేస్తుండు, నాకు చెప్పు." ఆగింది. అవతలి మనిషి చెప్పేది వింటున్నట్టు తలాడించింది. "యాక్సిల్ విరిగిందా? యాడ? కోటపల్లి మలుపు కాడనా? సార్ నిన్ను ధారూర్ రోడ్డు పట్టుమన్నడు గద, అటెందుకు పోయినవ్?" మళ్ళీ ఆగింది. గొంతు తగ్గించింది. "ఓ, చెల్లెకు పైసలిచ్చి వద్దామని పోయినవా. సార్‌కు తెలిస్తే నీ తోలు తీస్తడు. మరి బండి కాడ ఎవలున్నరు? ఎవ్వరూ లేరా? మందుగుండు బండి ఇడిసిపెట్టి మెకానిక్ కోసం ఊర్లకు పోతవా నువ్వు?"

ఇదంతా కట్టుకథ అని యాదగిరికి తెలుసు. పెరట్లో నిరోషా చెప్పగా విన్నాడు కూడా. అయినా జంగప్ప చెల్లెలింటికి పోయాడన్న మాట చెవిన పడగానే అతనికి నిజంగా కోపమొచ్చింది.

"ఎవన్నడిగి అటు పోయిండు వాడు?" అని ఇల్లదిరేలా అరిచాడు. "నా లైసెన్స్ పోతది. బండి అట్లనే ఇడిసిండా? నేనే వస్తున్న, కదలొద్దను."

"తానం చేసి రాండ్రి ముందు" అని అరుణాదేవి కసిరి, ఫోన్ పెట్టేసి, ఎవరితోనో కానట్టు నిట్టూర్చింది. "వీడు పోయేసరికి ఇంకో గంటయితది. ఎవడన్న ఎత్తుకపోతే దిక్కులేదు."

నిరోషా ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకుంది. మైకు బొమ్మ ఇంకా వెలుగుతూనే ఉంది. తర్వాత ముగ్గురూ పెరట్లోకి పోయి రాళ్ళ మీద కూర్చున్నారు. వీధిలోని మిషన్ ఒకటి రాయి కోస్తూ కోస్తూ ఆగి, మళ్ళీ మొదలైంది. బటన్ ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. నమ్మారో లేదో. అడవిలో జంగప్ప ఎక్కడున్నాడో. నర్సింహులు విషయంలోనూ ఇలాగే ఫోన్ కోసం కూర్చుంది. ఆ ఫోన్ రాలేదు.

ఈసారి మోగింది. సుధాకర్ గొంతులో ఆయాసం.

కోటపల్లి మలుపు దగ్గర తెల్ల జీపు ఒకటి వచ్చి ఆగిందట. నలుగురు దిగి, లేని వ్యాన్ కోసం అటూ ఇటూ వెతుకుతుంటే, చేనులోంచి కూలివాళ్ళు లేచారు. వెనక సీట్లో శాలువా కప్పుకుని కూర్చున్న పెద్దమనిషే మాలి అని దొరికినవాళ్ళే చూపించారట. ముందు సీట్లో నల్లద్దాలతో నవీన్, చెవిలో ఇంకా ఇయర్‌ఫోన్ పెట్టుకునే ఉన్నాడు.

"వాడేమన్నడు సార్?"

"వకీలు కావాలన్నడు. లారీ పంపింది ఎవలని అడిగితే కిందికి చూసిండు. నర్సింహులు ఇంటికి నేను పోయి చెప్త. నువ్వు కూడా వస్తవా?"

వస్తానంది నిరోషా.

కాసేపటికి యాదగిరి ఫోన్ కూడా మోగింది. జంగప్ప, కరణ్‌కోట క్వారీ ఆఫీసు నుంచి. సామాను దింపుతున్నారట. అడవి మూలమలుపు దగ్గర ఒక తెల్ల జీపు, ఎదురొచ్చే బండి ఏదో కూడా చూడకుండా, దుమ్ము లేపుకుంటూ గాలిలా వచ్చిందని, పక్క అద్దానికి తగిలి పోయిందని, ఆ డ్రైవర్‌కు కళ్ళు లేవా అని తిట్టిపోశాడు. యాదగిరి ఆ తిట్లన్నీ ఓపికగా విన్నాడు. అద్దం ఖర్చు తను పెట్టుకుంటానన్నాడు. చెల్లెలు ఎట్లుందని కూడా అడిగాడు. జంగప్పకు అర్థం కాలేదు.

ఫోన్ పెట్టేశాక యాదగిరి భార్య వైపు తిరిగాడు. ఆమెను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు.

"మన పెండ్లయి ముప్పయేండ్లు దాటింది" అన్నాడు. మీసం సవరించుకుని, కొంచెం తగ్గిన గొంతుతో అడిగాడు. "నాతోని ఎప్పుడన్న గిట్లనే మాట్లాడినవా?"

అరుణాదేవి కొంగు బిగించి లేచింది.

"చాయ్‌ల చక్కెర ఎంతెయ్యాలె?" అంది.